రక్షకభటులును ప్రజలును

పల్నాటిసీమలో అన్నము తినని పిల్లవానిని బెదరించుటకు తల్లులు రెండు పేర్లు వాడుచుందురు. ఒకటి బూచివాడు, రెండవది పోలీసు. బూచివాని నెవ్వరును చూచియుండలేదు. పోలీసువాడన్ననో పిడుగురాళ్ల బజారులో ప్రతిదినమును కనబడుచునే యున్నాడు. ప్రజల ప్రాణములను సొత్తును కాపాడుటకై ప్రజల ధనముతోనే జీతమిచ్చి నియమింపబడిన మనుష్యుని పేరు బూచివాని పేరు ప్రక్కన చేరుట యెట్లు సంభవించెను? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును గాని కాదు. మన పరిసర గ్రామములలో ఎద్దులు పోయినను, నకిలీ విత్తనము కొని పత్తిచేను పాడైనను, మిరపకాయల సొమ్ము ఎగవేయబడినను, పొలముగట్టు తగాదా ముదిరినను, రైతు మొదట పెద్దమనుష్యుల యొద్దకు పోవును. అక్కడ తెగనప్పుడు తమ పక్షపు నాయకుని యొద్దకు పోవును. స్టేషనుకు పోవుట అన్నిటికంటె చివరిమాట. అదియును వెంట నెవ్వరో ఒక పలుకుబడిగలవాడు వచ్చినపుడే. పలుకుబడిగలవాడు దొరకని పేదకు ఆ గడప ఎక్కుటకే ధైర్యము చాలదు. సున్నపుబట్టీలలో పనిచేయ వచ్చిన పరదేశపు కూలికి అంతకంటెను చాలదు.

ఏ యొక్క యుద్యోగినిగాని నిందించుట మా యుద్దేశము కాదు. ఈ పత్రిక చదువు తలిదండ్రులలో ఆ శాఖలో కొలువుచేయువారు నుందురు. ఎండలో వానలో నిలువుకాళ్లపై వారుచేయు శ్రమ మే మెరుగనిది కాదు. అయితే మంచివారు పెక్కండ్రు చేరినను ఒక శాఖపై ప్రజల నమ్మకము తరతరములుగా కుదురలేదన్నచో, దోషము మనుష్యులయందు కంటె ఆ శాఖ కట్టుబడి యందే యున్నదని తలంపవలసి యున్నది. ఆ కట్టుబడి యెట్టిదో, ఎప్పటిదో, దానిని మార్చుటకు ఏయే యత్నములు జరిగినవో విద్యార్థులకు తెలియజేయుట మా పని.

పూర్వము ప్రతి గ్రామమునకును తలారి యుండెడివాడు. రాత్రి గస్తీ తిరుగుట, కొత్తమనిషి ఊరిలోనికి వచ్చిన కనిపెట్టియుండుట, పైరును కళ్లమును కాచుట, దొంగతనము జరిగినపుడు అడుగుల జాడ తీయుట వాని విధులు. జాడ పొలిమేర దాటినచో పొరుగూరి తలారికి అప్పగించి తాను వెనుకకు మరలును. వానికి నెలజీతము లేదు. కొద్దిపాటి మాన్యమును, కళ్లములో రైతులిచ్చు మేరయు వాని బ్రతుకుతెరువు. ఊరివాడు గాన ఎవని నడత యెట్టిదో వానికి తెలియును, వాని నడత యెట్టిదో ఊరికి తెలియును. దీనిని స్వర్ణయుగముగా వర్ణించువారితో మేము ఏకీభవింపజాలము. తలారి తరచుగా తక్కువకులమువాడని యెంచబడి, రెడ్డి కరణముల యాజ్ఞకు లోబడి వెట్టివలె బ్రతికినవాడు. పెద్దయింటివాడే దొంగయైనపుడు వాని జాడ ఆ గుమ్మమువరకు పోయి ఆగిపోయెడిది. ఇక పాలెగాండ్రు కావలి పన్ను వసూలుచేసి, ఆ పన్ను నీయని గ్రామములను తామే దోపించిన సందర్భములును కలవు. అయినను ఒక్కమాట నిజము: కావలివాడు పరాయివాడు కాడు.

ఆంగ్లేయ కంపెనీవారు 1816లో చెన్నపురి రాజధానిలో చేసిన కట్టుబాట్లవలన కలెక్టరే మేజిస్ట్రేటు అయ్యెను. తహసీలుదారే తాలూకా పోలీసునకు అధిపతి యయ్యెను. ఇట్లు శిస్తు వసూలుచేయు చేయియు దొంగను పట్టు చేయియు ఒక్కటే యైనవి. పంట పండక శిస్తు కట్టలేని రైతు సహితము దొంగకు జరుగు మర్యాదనే పొందసాగెను. ఎండలో గంటల తరబడి నిలువబెట్టుట, నడుము వంచి మెడను కాలివ్రేళ్లను త్రాటితో కలిపికట్టుట, కిట్టి యను కర్రపనిముట్టునందు చేతివ్రేళ్లను నొక్కుట మొదలగు పద్ధతులు వాడుకలో నుండెను. ఈ సంగతి 1854లో ఆంగ్లేయ పార్లమెంటులో చర్చకు వచ్చెను. చెన్నపురి ప్రభుత్వమువారు విచారణసంఘము నొకదానిని నియమించిరి. కొద్దినెలలలో సుమారు రెండువేల ఫిర్యాదులు ఆ సంఘమునకు చేరెను. నూర్ల మైళ్లు కాలినడకను వచ్చి తమ గోడు చెప్పుకొన్నవారును కలరు. 1855లో వెలువడిన నివేదిక చిత్రహింస నిజమేనని ఒప్పుకొన్నది. పై తెల్లదొరలకు మాత్రము ఇందు పాలులేదని తేల్చి, దోషమంతయు దేశీయ చిన్న యుద్యోగులపై మోపినది. ఎక్కువ శిస్తు పట్టుబట్టి రాబట్టుమన్నది ఎవరో ఆ నివేదిక చదివినవారే ఊహించుకొనవలెను.

ఆ విచారణ ఫలముగా 1859లో 24వ చట్టము పుట్టెను. పోలీసు రెవిన్యూనుండి వేరుచేయబడి, ఇన్‌స్పెక్టర్ జనరలు పై యధికారిగా, జిల్లాకొక సూపరింటెండెంటుతో ప్రత్యేకశాఖ యయ్యెను. (గుంటూరు జిల్లా ఆ యేటనే మచిలీపట్టణముతో కలిసి కృష్ణాజిల్లా యయ్యెను. మరల 1904లోగాని విడివడలేదు.) రెండేండ్లకు, 1861లో, దేశమున కంతటికిని ఒక పోలీసు చట్టము వచ్చెను. కాని మన కోస్తా జిల్లాలకు మాత్రము మూలాధారము ఆ 1859 చట్టమే. రాష్ట్రము పేరు మారినను, ప్రభుత్వములు మారినను, అది చట్టపుస్తకములలో నేటికిని నున్నది. పిడుగురాళ్లకు రైలు రాకమునుపే, సున్నపుబట్టీల పొగ లేవకమునుపే వ్రాయబడిన చట్టమది.

ఇచ్చట ఒక విషయము విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెను. ఆ కాలమున ఆంగ్లేయుల యొద్ద రెండు మచ్చులుండెను. ఒకటి 1829లో సర్ రాబర్టు పీలు లండను నగరమునకై యేర్పరచినది. సైనికుల యెఱ్ఱని దుస్తులు జనులకు భయము గొల్పునని ఆ భటులకు నీలిరంగు దుస్తులిచ్చిరి. చేత కఱ్ఱ తప్ప తుపాకి లేదు. నేరము జరుగకుండ చూచుటయే వారి ముఖ్యకార్యమని, ప్రజల సమ్మతి లేనిదే అది సాగదని చెప్పిరి. రెండవది ఐర్లండుది. లోబడని ప్రజను లోబరచుకొనుటకు పుట్టినది గాన అది సైన్యమును పోలినది. భటులు తుపాకులతో బారకాసులలో నివసింతురు. తమ స్వంతజిల్లాలో కొలువు లేదు. ఊరివారితో చనవు కూడదు. పైవాడు చెప్పినది క్రిందివాడు చేయవలెను, ప్రశ్నింపరాదు. సర్ చార్లెసు నేపియరు 1843లో సింధుదేశము నాక్రమించి ఈ రెండవ మచ్చునే అచ్చట నాటెను. అచ్చటినుండి అది భారతదేశ మంతటికిని ప్రాకెను. తమ యింటికి ఒకటి, పరుల యింటికి వేరొకటి యన్నమాట. మన స్టేషనులో నేడు మనము చూచు పెక్కుసంగతులు ఈ రెండవ మచ్చునుండి వచ్చినవే. కానిస్టేబులునకు సొంత నిర్ణయాధికారము లేకుండుట, పై యధికారి యింటిపనులకు ఆర్డర్లీగా పోవుట, ఫిర్యాదికి కుర్చీ యుండకపోవుట వంటివాటికి వేరే కారణము వెదకనక్కరలేదు.

ఈ యేర్పాటుపై మొదటి తీర్పు చెప్పినది స్వాతంత్ర్యవాదులు కారు. ప్రభుత్వమువారే చెప్పిరి. సర్ ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతను 1902లో నియమింపబడిన పోలీసు సంఘము దేశమంతయు విచారించి, పోలీసు సమర్థముగ లేదనియు, లంచగొండితనమునకు పీడనకు పేరుపడినదనియు, ప్రజల విశ్వాసము నేమాత్రమును పొందలేదనియు దాపరికములేక వ్రాసెను. ఆ నివేదిక ఫలితముగా జీతములు కొంత పెరిగినవి, కొత్తశాఖలు లేచినవి. మూలము మాత్రము కదలలేదు.

మూలము కదలకుండుట యెంత చేటు తెచ్చునో మన ప్రాంతమునందే రెండు దృష్టాంతములున్నవి. మొదటిది బాపట్ల చేరువనున్న స్టువర్టుపురము. యెరుకలవారు ఒకప్పుడు ఎద్దులపై ఉప్పును ధాన్యమును వేసికొని కోస్తానుండి మెట్టసీమలకు తిరిగి అమ్ముకొనెడివారు. ఉప్పుపై ప్రభుత్వపు కట్టడియు, ఆపై రైలుబండ్లును వచ్చి వారి వర్తకము చెడినది. స్థిరనివాసము లేనివాడు దొంగయని యెంచు అలవాటుగల పోలీసు వారిని అనుమానితుల పట్టికలో చేర్చినది. 1871లో ఉత్తరహిందూస్థానమున పుట్టిన నేరజాతుల చట్టము 1911లో చెన్నపురి రాజధానికిని విస్తరింపబడెను. నేరము చేసినవాడు గాక, ఒక కులమున పుట్టినవాడే నేరస్థుడను వింతసిద్ధాంతమది. వ్రేలిముద్రలు తీసికొనిరి, హాజరు పట్టిక పెట్టిరి, చీటిలేక ఊరు దాటినచో శిక్ష విధించిరి. కృష్ణయొడ్డున సీతానగరము నందును, సముద్రము చేరువ స్టువర్టుపురము నందును వలసలు నెలకొల్పి, వాని నిర్వహణమును సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంఘమున కప్పగించిరి. స్టువర్టుపురమునకు ఆ పేరు పెట్టబడినది చెన్నపురి కార్యాలోచన సభాసభ్యుడును, అంతకుముందు 1904లో భారతప్రభుత్వ నేరపరిశోధనశాఖకు అధిపతిగా నుండినవాడును అగు సర్ హెరాల్డు స్టువర్టు పేరిట. పోలీసు పెద్ద పేరే ఊరిపేరైనది.

మిషను పాఠశాల పత్రికలో ఈ సంగతి దాచుట న్యాయము కాదు. అచ్చట బడులు పెట్టిరి, భూములు పంచిరి, చీరాల పొగాకు కర్మాగారములో పని చూపిరి. ఇవన్నియు మేలే. కాని గురువును కావలివాడును ఒక్కడే యైనపుడు, బడిలో హాజరును చట్టపు హాజరును ఒక్కచేతనే వ్రాయబడినపుడు, పిల్లవాడు గురువును నమ్మునా? మేలుచేయ వచ్చినవారు పోలీసుపని నెత్తి కెత్తుకొనుటవలన మేలునకు సయితము మచ్చ తగిలినది. చెన్నపురి రాష్ట్రములో ఆ చట్టము 1947లో రద్దయ్యెను. దేశమంతట 1952 ఆగష్టు 31వ తేదీన తొలగెను. చట్టము పోయినను పేరు పోలేదు. 1991లో రెండు తెలుగు చలనచిత్రములు ఆ యూరిపేరునే శీర్షికగా పెట్టుకొన్నవి. ఆ గ్రామమున పుట్టి చదువుకొన్న యువకుడు ఉద్యోగమునకు పోయి, ఊరిపేరు చెప్పుటకు సంకోచించు స్థితిని కల్పించినవారెవరో చదువరులే యోచింతురు గాక.

రెండవ దృష్టాంతము పల్నాడే. నల్లమల యంచున నున్న మన గ్రామములకు పశువులే భాగ్యము. అడవిలో పశువులను మేపుకొన్నందుకు పుల్లరి యను పన్ను కట్టవలెనని అడవిశాఖవారు నిర్బంధింపగా, 1921లో ప్రజలు కట్టమని నిరాకరించిరి. ఉద్యోగులకు చాకలి మంగలి సేవలు ఆగిపోయెను. సామాన్యులు అమ్మకము సహితము మానిరి. పన్ను వసూలునకు తోడుగా సాయుధులైన పోలీసులు దిగిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పశువులను తోలుకొనిపోవు సందర్భమున జరిగిన కాల్పులలో కన్నెగంటి హనుమంతు మృతినొందెను. పశువులకు మేత యడిగిన రైతునకును, ఆయనను కాల్చిన భటునకును పూర్వవైరమేమియు లేదు. ఆ భటుడు పల్నాటివాడై యుండిన నేమయ్యెడిదో చెప్పలేము గాని, పరాయివాడై తుపాకితో రావలెననియే ఐర్లండు మచ్చు విధించినది. 1859లో వేరుచేసితిమనుకొన్న పన్ను పోలీసుల పొత్తు 1922లో మించాలపాడున మరల ప్రత్యక్షమయ్యెను. నేటికిని పల్నాటివారు హనుమంతును వీరునిగా తలచుచున్నారు. స్టేషను గడప ఎక్కుటకు తాతలు జంకినదెందుకో మనుమలకు ఇందుమూలమున కొంత తెలియవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఏలువారు మారిరి, పోలీసు తలుపులు మాత్రము ఎవరికి తెరచుకొనవలెనో వారికే తెరచుకొన్నవి. 1985 జూలైలో కారంచేడునందును, 1991 ఆగష్టు 6న తెనాలి చేరువ చుండూరునందును దళితులు హతులైరి. చుండూరులో చనిపోయినవారు ఎనమండుగురు. అప్పటికి కొన్నివారములుగా గ్రామములో ఉద్రిక్తత యున్న సంగతి పోలీసులకు తెలియనిది కాదు. ఊరిలో పోలీసులుండగనే ఇది జరిగినది. షెడ్యూల్డు కులములపై అత్యాచారములను నివారించు 1989 నాటి చట్టము అప్పటికే యమలులో నున్నది. కర్తవ్యమును బుద్ధిపూర్వకముగ ఉపేక్షించిన ప్రభుత్వోద్యోగికి సయితము శిక్ష యని అందులోనే యున్నది. గ్రామములోనే ప్రత్యేకన్యాయస్థానము నెలకొల్పి విచారించి 2007లో 21 మందికి యావజ్జీవము విధించిరి. 2014లో హైకోర్టు నేరము రుజువు కాలేదని అందరిని విడిచిపెట్టెను. వ్యవహారము ఆపై సుప్రీముకోర్టున కెక్కెను. న్యాయమూర్తుల తీర్పును విమర్శించుట మా పని కాదు. ఎనమండుగురు పట్టపగలు చనిపోయినది మాత్రము నిజము. సాక్ష్యము సేకరించు పనివారు ఎట్లు పనిచేసిరో ప్రజలు తామే తీర్మానించుకొందురు. ఇటువంటి తీర్మానములనుండియే అపనమ్మకము పేరుకొనును.

మొన్నటి మాట యింకొకటి. 2024 మే 13న శాసనసభ యెన్నికల పోలింగునాడు మాచర్ల నియోజకవర్గమున పాల్వాయిగేటు కేంద్రములో ఓట్లయంత్రమును పగులగొట్టిరి. ఆనాడును ఆ తరువాతను పల్నాడు జిల్లా పలుచోట్ల ఘర్షణలు చెలరేగెను. మూడుదినములలో ఎన్నికల సంఘము జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండుచేసి, కలెక్టరును బదిలీచేసి, ప్రత్యేక దర్యాప్తునకు ఆజ్ఞాపించెను. ఏ పక్షము తప్పెంత యను విచారము మాకక్కరలేదు. గమనింపవలసిన దేమనగా, పల్నాటి గ్రామములలో రెండు పక్షములవారును ఒక విషయమున ఏకాభిప్రాయము గలవారే: గెలిచినవానిదే స్టేషను అని. ఓడినవాడు తనపై కేసు వచ్చునని యెదురుచూచును. గెలిచినవాడు తనపై రాదని ధైర్యముగ నుండును. ఇంతకంటె గట్టి యవిశ్వాసము వేరొకటి యుండునా?

ఇక్కడ ఒక విషవలయమున్నది. దానిని విద్యార్థులు గ్రహింపవలెను. చిత్రహింసల నివేదిక తరువాత ప్రభుత్వము తన పోలీసును తానే నమ్మలేదు. కావుననే పోలీసుల యెదుట నిందితుడు ఒప్పుకొన్న మాట సాక్ష్యముగా చెల్లదని 1861 నాటి నేరవిచారణస్మృతిలో విధించెను. 1872 సాక్ష్యచట్టములోనికి, అచ్చటినుండి 2024 జూలై 1న యమలులోనికి వచ్చిన కొత్తచట్టములోనికి ఆ నియమము దిగివచ్చెను. నియమము మంచిదే, నిర్దోషులను కాపాడుచున్నది. అయితే ఒక సందు విడువబడినది. నిందితుడు చెప్పిన మాటవలన వస్తువేదైన దొరకినచో, దొరకుటకు సంబంధించినంతవరకు ఆ మాట చెల్లును. అందుచేత దొంగసొత్తు దొరకినట్లు చూపవలె నను ఆతురత స్టేషనులలో ప్రబలినది. సాక్షులు ముందుకు వచ్చినచో ఈ యాతురత యుండదు. సాక్షులో, భయపడి రారు. మధ్యవర్తులుగా సంతకముచేయుటకు గౌరవస్థు లొప్పుకొనరు గాన, ప్రతి కేసునకు పిలిచినపుడెల్ల వచ్చు మనుష్యులే కొందరు దొరకుదురు. అట్టివారి సాక్ష్యము కోర్టులో నిలువదు. నిలువదని తెలిసినపుడు భటుడు కోర్టును నమ్మక, కఱ్ఱను నమ్మును. కఱ్ఱను చూచి జనులు మరింత దూరము తొలగుదురు. ప్రజలకు పోలీసుపై నమ్మకములేదు, పోలీసునకు కోర్టుపై లేదు, చట్టమునకు పోలీసుపై లేదు.

ఇట్లుండగా క్రిందిభటుని బ్రతుకేమి సుఖముగా నున్నది? కోటప్పకొండ తిరునాళ్లకు వాడే పోవలెను, కారెంపూడి వీరుల యుత్సవములకు వాడే, మంత్రిగారి పర్యటనకు వాడే, రహదారిపై లారీ బోల్తాపడిన వాడే. వారమునకొక దినము సెలవను మాట మన రాష్ట్రములో 2019లోగాని ప్రకటింపబడలేదు. దర్యాప్తుచేయు సబిన్‌స్పెక్టరు సగము చదివిన కాగితములను బల్లపై విడిచి బందోబస్తునకు పరుగెత్తును. తిరిగివచ్చునప్పటికి సాక్షి మాట మార్చియుండును. అన్నము లేక నిద్రలేక నిలుచున్నవాని నోట మర్యాద వెలువడవలెననుట కోరదగినదే గాని, దానిని కోరువారు వాని పనిగంటలనుగూర్చి సహితము అడుగవలెను.

మార్పునకు దారులు తెలియక కాదు. పూర్వము ఉత్తరప్రదేశ్ పోలీసు అధిపతిగా నుండిన ప్రకాశ్ సింగు 1996లో వేసిన వ్యాజ్యముపై 2006 సెప్టెంబరు 22న సుప్రీముకోర్టు ఏడు ఆజ్ఞలు చేసెను. వానిలో మూడు మన ప్రాంతమునకు ముఖ్యమని మా యభిప్రాయము. జిల్లా సూపరింటెండెంటునకును స్టేషను అధికారికిని కనీసము రెండేండ్ల కాలపరిమితి యుండవలెను. గెలిచినవానిదే స్టేషను అను మాటకు బదిలీయే ప్రాణము గాన, ఆ ప్రాణమును ఈ యాజ్ఞ తీయును. నేరము దర్యాప్తుచేయువారిని శాంతిభద్రతలు చూచువారినుండి వేరుచేయవలెను. తిరునాళ్లకు పోవువాడు వేరు, హత్యకేసు వ్రాయువాడు వేరు కావలెను. పోలీసుపై ఫిర్యాదులను పోలీసువారే విచారింపక, రాష్ట్రమునందును జిల్లాయందును ప్రత్యేకాధికార సంఘము లుండవలెను. ఇరువదేండ్లు గడచుచున్నను పెక్కు రాష్ట్రములలో ఈ యాజ్ఞలు పూర్తిగా నమలు జరుగలేదు. పోలీసు తన చేతిలో నుండవలెనని కోరని పాలకపక్ష మింతవరకు మనకు కనబడలేదు. కారణ మంతకంటె లోతైనది కాదు.

మన మచ్చునకు మూలమైన ఐర్లండులో నేమి జరిగెనో చూడుడు. మించాలపాడు కాల్పులు జరిగిన 1922లోనే పాత ఐరిషు పోలీసుదళము రద్దుచేయబడెను. ఉత్తరభాగమున మాత్రము దాని సంతతియైన మరొక దళము తుపాకులతో నిలిచియుండెను. కాథలిక్కులు ఆ దళమును తమ శత్రువుగా చూచిరి. చివరికాలమున అందు వారి సంఖ్య నూటికి సుమారు ఎనిమిది మాత్రమే. ముప్పదేండ్ల రక్తపాతము పిమ్మట 1998లో సంధి కుదిరెను. 1999లో క్రిస్టఫర్ పాటెను అధ్యక్షతనున్న సంఘము నివేదిక వ్రాసెను. 2001లో దళము పేరు, చిహ్నము మార్చిరి. పదియేండ్లపాటు కొత్తగా చేరువారిలో సగము కాథలిక్కులు, సగము ఇతరులు ఉండవలెనని నియమము పెట్టిరి. పోలీసుపై వచ్చు ఫిర్యాదులను విచారించుటకు పోలీసుతో సంబంధములేని కార్యాలయము నేర్పరచిరి. పదియేండ్లలో కాథలిక్కులు నూటికి ముప్పదివరకు వచ్చిరి. పగలన్నియు చల్లారినవని చెప్పలేము. కాని తమ బిడ్డను పోలీసులో చేర్చుటకు తల్లులు ఒప్పుకొనిరి. మాతృకను మార్చుకొన్నారు, నకలును మనము భద్రముగ దాచుకొన్నాము!

అంతదూర మెందుకు? కేరళలో 2008లో జనమైత్రి యను పేర భటులు తమకు నిర్ణయింపబడిన యిండ్లకు పోయి ఇంటివారిని పరిచయము చేసికొను పద్ధతి పెట్టిరి. 2010లో ఉన్నతపాఠశాల విద్యార్థులకు పోలీసు కేడెటు శిక్షణ ప్రారంభించిరి. భటుడు ఏ యింటిలో ఎవరున్నారో తెలిసికొనవలెననుట కొత్తసంగతి కాదు. తలారికి అది తెలియును. 1984లో మన రాష్ట్రమున గ్రామాధికారుల వంశపారంపర్యపు టుద్యోగములు రద్దైనవి. వంశహక్కు పోవుట మంచిదే. దానితోపాటు ఊరిని ఎరిగిన కావలియు పోయినది, దాని స్థానమున ఏదియు సరిగా నాటుకొనలేదు. తలారి దాస్యము లేక తలారి యెరుక గల కొలువొకటి నిర్మింప వీలగునా యన్నదే, మా దృష్టిలో, పోలీసుసంస్కరణ మన్నదానిలో అసలు ప్రశ్న.

ఈలోగా నున్న చట్టమైనను తలిదండ్రులకు తెలియుట అవసరము. శిక్షార్హమైన పెద్దనేరము జరిగినదని చెప్పినపుడు స్టేషనులో ఫిర్యాదు నమోదుచేయకతప్పదని సుప్రీముకోర్టు 2013లో తీర్పుచెప్పెను. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఏ స్టేషను పరిధిలో జరిగినను, ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఈయవచ్చును. నరసరావుపేటలో జరిగినదని పిడుగురాళ్లలో త్రిప్పిపంపరాదు. నమోదుచేసిన ఫిర్యాదు ప్రతిని ఉచితముగ నీయవలెను. మూడేండ్లు మొదలు ఏడేండ్లలోపు శిక్షగల నేరములలో మాత్రము, పై యధికారి యనుమతితో, పదునాలుగు దినములలోపల ప్రాథమికవిచారణ జరుపవచ్చును. నమోదుకు నిరాకరించినచో ఫిర్యాదు సారాంశమును వ్రాసి జిల్లా సూపరింటెండెంటునకు తపాలాలో పంపవచ్చును. అప్పటికిని జరుగనిచో మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. రిజిస్టరు తపాలాచేసి రసీదు దాచుకొనుట మంచిది.

అరెస్టు విషయమున 1996లో సుప్రీముకోర్టు చేసిన నిబంధనలు నేటికిని ఆధారము. పట్టుకొన వచ్చినవాని పేరు కనబడు బిళ్ల వాని దుస్తులపై నుండవలెను. పట్టుకొన్న సమయము వ్రాసి, ఇంటివారైనను ఊరి పెద్దయైనను ఒకరిచేత సాక్షిసంతకము చేయింపవలెను. బంధువునకు తెలుపవలెను. ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలువబెట్టవలెను. ప్రతి స్టేషనులోను కెమెరాలుండవలెనని 2020లో అదే న్యాయస్థానము ఆజ్ఞాపించెను. స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటినవారిని, అంగవైకల్యముగలవారిని సాక్ష్యమడుగుటకై స్టేషనుకు రమ్మనరాదు. వారున్న యింటికే వచ్చి అడుగవలెను. మా పాఠశాల క్రిందితరగతుల బాలురలో పెక్కండ్రు ఈ చివరినియమము క్రిందికి వచ్చువారే. ఎవడైన దారిలో నాపి స్టేషనుకు వచ్చి చెప్పుమన్నచో, ఇంటిపేరు చెప్పి, తండ్రియెదుట చెప్పెదనని మర్యాదగా బదులు పలుకవచ్చును. అది ధిక్కారము కాదు, చట్టములో నున్నమాటయే.